రాయబారి లేని తరగతి గది

మన సింహపురి సీమలో పుట్టి పెరిగిన వారికి తిక్కన సోమయాజి పేరు క్రొత్త కాదు. పదమూడవ శతాబ్దంలో మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా, కవిగా వెలుగొందిన ఆ మహనీయుడు విరాటపర్వం మొదలుకొని పదునైదు పర్వాలను తెనిగించాడని పాఠశాల విద్యార్థులు సైతం చెప్పగలరు. కాని ఆయన జీవితంలో నన్ను మిక్కిలి ఆకర్షించిన ఘట్టం వేరొకటి ఉన్నది. మనుమసిద్ధి రాజ్యం కోల్పోయిన వేళ తిక్కన ఓరుగల్లుకు వెళ్లి, కాకతీయ గణపతిదేవుని దర్శించి, తన ప్రభువు కష్టాన్ని విన్నవించి, సాయం సంపాదించి తెచ్చాడని సంప్రదాయం చెబుతున్నది. అనగా మన తిక్కన రాయబారి. ఉద్యోగపర్వంలోని రాయబారాలు తెలుగులో అంత సజీవంగా నడవటానికి ఆ అనుభవం కూడా ఒక కారణమేమోనని నాకు అనిపిస్తూ ఉంటుంది. ఆయనకు ఉభయకవిమిత్రుడని బిరుదు. సంస్కృతాంధ్ర కవులిరువురికీ మిత్రుడని పెద్దలు దానికి అర్థం చెబుతారు. రెండు పక్షాలకూ మిత్రుడైన వాడే రెండు పక్షాల నడుమ మాటను మోయగలడు.

రాయబారి చేసే పని పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. ఒకరి మాటను మరొకరికి చేర్చటమే గదా అనుకుంటాం. కాని మాట చేరకపోవటం వలన రాజ్యాలు పోయిన సందర్భాలు చరిత్రలో ఉన్నవి. మాట చేరకపోవటం వలన చదువులు పోయిన సందర్భాలు మన కళాశాలలలో ఉన్నవి. మొదటివాటిని గూర్చి గ్రంథాలు వెలువడ్డాయి. రెండవవాటిని గూర్చి వ్రాసేవారు లేరు. కనుక ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన దానిని ముందుగానే చెప్పివేస్తాను. డిగ్రీ విద్యార్థులకు, వారికి ఇంగ్లీషు బోధించే శాఖకు నడుమ విద్యార్థులే ఎన్నుకొన్న ప్రతినిధులు ఉండాలి. వారు నెలకొకసారి ఆ శాఖ అధ్యాపకులతో కలిసి కూర్చోవాలి. ఆ ప్రతినిధులలో ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవారే గాక, ఆ భాషలో తడబడేవారు కూడా తప్పక ఉండాలి. ఈ మూడవ మాటే అన్నింటికన్న ముఖ్యమైనదని నా విశ్వాసం.

తెలుగు బోధించే వాడికి ఇంగ్లీషు శాఖ సంగతి ఎందుకని పాఠకులు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నా తరగతిలో పాఠం బోధపడని విద్యార్థి, ధైర్యం చేసి లేచి నిలబడితే, “సార్, అర్థం కాలేదు” అని చెప్పగలడు. ఆ మాట చెప్పటానికి వానికి భాష ఉన్నది. గణితంలో లెక్క తెలియని వాడు కూడా ఆ మాట తన మాతృభాషలో చెప్పగలడు. ఇంగ్లీషు తరగతిలో మాత్రమే ఒక విచిత్రమైన చిక్కు ఉన్నది. ఏ భాష రాదో ఆ భాషలోనే, తనకు ఆ భాష రాదన్న సంగతిని విన్నవించుకోవలసి వస్తుంది. తప్పులతో పలికితే ప్రక్క బెంచీవారు నవ్వుతారన్న భయం ఒకటి; తెలుగులోనో ఉర్దూలోనో అడిగితే అధ్యాపకుడు చిన్నచూపు చూస్తాడన్న భయం మరొకటి. ఈ రెండు భయాల నడుమ నోరు మూసుకొనటం కన్న సులువైన మార్గం వానికి కనిపించదు. అధ్యాపకుడు పాఠం ముగించి, సందేహాలున్నాయా అని అడుగుతాడు. తరగతి అంతా నిశ్శబ్దం. అందరికీ అర్థమైనదని ఆయన తృప్తిగా పుస్తకం మూస్తాడు. ఎవరికీ అర్థం కాలేదు కనుకనే ఎవరూ నోరు విప్పలేదన్న సంగతి పరీక్షా ఫలితాలు వచ్చిన నాడు గాని తెలియదు. నాటికి సెమిస్టరు గడచిపోయి ఉంటుంది.

ఇటీవలి సంవత్సరాలలో ఈ నిశ్శబ్దం మరింత చిక్కబడింది. మన రాష్ట్రంలో 2015-16 విద్యాసంవత్సరం నుండి డిగ్రీలో సెమిస్టరు పద్ధతి వచ్చింది. సంవత్సరం పొడవునా నిదానంగా సాగిన పాఠాలు కొద్ది నెలల గడువులోకి కుదించబడ్డాయి. 2021-22 నుండి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే అన్న నిర్ణయం వచ్చింది. ఇంటర్మీడియట్ వరకు తెలుగులోనో ఉర్దూలోనో చదువుకొన్న విద్యార్థికి ఇంగ్లీషు ఒక్క పీరియడుకు పరిమితమైన సబ్జెక్టు కాకుండా పోయింది. చరిత్రకు, అర్థశాస్త్రానికి, రసాయన శాస్త్రానికి అదే సింహద్వారమైంది. 2023-24లో ఒకే ప్రధానాంశంతో కూడిన ఆనర్సు పద్ధతి ప్రవేశించింది. ఈ మార్పుల మంచి చెడ్డలను విచారించటం నా ఉద్దేశం కాదు. ఆంగ్లంలో ప్రావీణ్యం మన పిల్లలకు అవసరమన్నది నిర్వివాదాంశం. ద్వారం ఇరుకైనపుడు, లోపలికి రాలేక గుమ్మం వద్ద నిలిచిపోయిన వాడెవడో లోపలివారికి చెప్పే మనిషి ఒకడు ఉండాలని మాత్రమే నా మనవి.

ఒకప్పుడు నెల్లూరు విద్యార్థులకు విశ్వవిద్యాలయం అంటే తిరుపతి. 1954లో అక్కడ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసిన తరువాత మన కళాశాలలు దానికి అనుబంధంగా చాలాకాలం నడిచాయి. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడి, విశ్వవిద్యాలయమే మన ముంగిటికి వచ్చింది. ఇది సంతోషింపదగిన విషయం. కాని తిరుపతికీ నెల్లూరుకూ నడుమ దూరం తగ్గినంత త్వరగా, చివరి బెంచీకీ స్టాఫ్ రూముకూ నడుమ దూరం తగ్గలేదు. ఆ దూరాన్ని మైళ్లతో కొలవలేము. అది ఎంతటిదో నాకు తెలియజేసిన ఒక సంఘటనను ఇక్కడ చెప్పక తప్పదు.

ఈ కళాశాలకు రాక పూర్వం నేను కోస్తా ప్రాంతంలోని మరొక కళాశాలలో కొంతకాలం పనిచేశాను. అక్కడ మొదటి సంవత్సరం తరగతిలో పట్టపుపాళెం నుండి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. తండ్రి వేటకు పోతాడు. తల్లి చేపలు ఎండబెట్టి సంతకు తీసుకువెడుతుంది. నా పీరియడు రెండవది. దానికి ఆ అమ్మాయి ఏనాడూ తప్పలేదు. పద్యం చదివిస్తే గొంతు ఎత్తి చక్కగా చదివేది. ఇంగ్లీషు పీరియడు మొదటిది. ఆ పాళెం నుండి ప్రొద్దుట వచ్చే బస్సు ఒక్కటే. అది గంట కొట్టిన ఇరవై నిమిషాలకు గాని చేరేది కాదు. ఆలస్యంగా వచ్చిన వారిని లోపలికి రానివ్వకూడదన్నది అక్కడి నియమం. ఆ అమ్మాయి ప్రతిరోజూ వరండాలో స్తంభం ప్రక్కన నిలబడి, కిటికీలోనుండి వినవచ్చినంత పాఠం వినేది. సెమిస్టరు చివర లెక్క చూస్తే ఆ సబ్జెక్టులో హాజరు నూటికి డెబ్బదియైదుకు ఎంతో దిగువన ఉన్నది. పరీక్షకు అనుమతి లభించలేదు. మరుసటి సెమిస్టరుకు ఆమె రాలేదు.

తరువాత ఒకనాడు తోటి విద్యార్థులను విచారిస్తే, వారు ఎంతో మామూలుగా, “బస్సు సార్, అది తొమ్మిదింబావు దాటినాక గాని రాదు” అన్నారు. తరగతిలో నలభై మందికి తెలిసిన సంగతి స్టాఫ్ రూములో పదిమందిలో ఒక్కరికీ తెలియదు. ఇంగ్లీషు పీరియడును మూడవ గంటకు మార్చితే సరిపోయేది. టైం టేబులులో రెండు గళ్లు తారుమారు చేయటానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు. ఆ అధ్యాపకుడు దయలేని వాడు కాదు. తెలిసి ఉంటే ఆయనే ముందుగా మార్చి ఉండేవాడు. మరి నేను? రెండవ పీరియడులో ప్రతిరోజూ ఆమె హాజరు వేసినవాడిని. మొదటి పీరియడులో ఎందుకు బయట నిలబడుతున్నావమ్మా అని ఒక్కనాడు అడగలేదు. దోషం ఒక్కరిదని చెప్పలేను. మాట మోసే మనిషి లేని చోట అందరూ మంచివారే అయినా జరిగే నష్టం జరిగే తీరుతుంది.

విద్యార్థుల మాట వినాలన్న ఆలోచన మన దేశానికి క్రొత్తది కాదు. 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్, ప్రతి కళాశాలలోను, విశ్వవిద్యాలయాలలో శాఖలవారీగాను అధ్యాపకులు, విద్యార్థులు కలిసిన సంయుక్త సంఘాలు ఉండాలని సూచించింది. ఇద్దరికీ సంబంధించిన ఇబ్బందులను కూర్చుని మాట్లాడుకొని, సాధ్యమైనంతవరకు అక్కడే పరిష్కరించుకోవాలన్నది దాని ఆశయం. అర్ధశతాబ్ది దాటిపోయింది. ఆ సూచనను శాఖల స్థాయిలో శ్రద్ధగా ఆచరించిన కళాశాలలు మన ప్రాంతంలో నాకు కనిపించలేదు. విద్యార్థి ప్రాతినిధ్యం అనగానే మనకు జెండాలు, ఊరేగింపులు, ఎన్నికల కొట్లాటలు జ్ఞాపకం రావటమే దీనికి ఒక ముఖ్యకారణం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980వ దశకం చివరలో విద్యార్థి సంఘాల ఎన్నికలు నిలిచిపోయాయి. 2006లో లింగ్డో కమిటీ ఎన్నికలకు నియమావళిని రూపొందించింది. సర్వోన్నత న్యాయస్థానం దానిని అమలు పరచమన్నది. అయినా మన కళాశాలలలో పరిస్థితి పెద్దగా మారలేదు. సంఘాల ఎన్నికలతో పాటు, వాటితో ఏ సంబంధమూ లేని శాఖాప్రతినిధి అన్న భావన కూడా కొట్టుకొనిపోయింది. స్నానపు నీళ్లు పారబోసేటప్పుడు తొట్టిలో బిడ్డ ఉన్నదో లేదో చూడవలసిన బాధ్యత పెద్దలది.

ఇక్కడ స్కాట్లండు దేశంలోని ఎడింబరో విశ్వవిద్యాలయాన్ని ప్రస్తావించటం సముచితమని భావిస్తాను. ఇంగ్లీషు సాహిత్య బోధనకు ఆ విశ్వవిద్యాలయం ఆద్యపీఠమని పేరుగాంచింది. 1762లో హ్యూ బ్లెయిర్ అక్కడ ఆ పీఠాన్ని మొదట అధిష్ఠించాడు. అదే విశ్వవిద్యాలయంలో 1884లో రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ బెల్ అనే విద్యార్థి పూనికతో విద్యార్థి ప్రతినిధుల మండలి ఏర్పడింది. 1889లో స్కాట్లండు విశ్వవిద్యాలయాల చట్టం అట్టి మండలులకు గుర్తింపునిచ్చింది. ఆ ఒరవడి క్రమంగా బ్రిటను అంతటా వ్యాపించి, శాఖల స్థాయికి దిగివచ్చింది. నేడు అక్కడి ఇంగ్లీషు శాఖలలో ప్రతి సంవత్సరపు విద్యార్థులకూ ప్రతినిధులు ఉంటారు. వారు తోటివారిని విచారించి, శాఖాధ్యాపకులతో కూర్చుని, ఏ పాఠ్యభాగం కొరుకుడు పడటం లేదో, ఏ పుస్తకం గ్రంథాలయంలో దొరకటం లేదో, ఏ రెండు వ్యాసాల గడువులు ఒకే వారంలో పడ్డాయో చెబుతారు. అది కాగితం మీదికి ఎక్కుతుంది. తదుపరి సమావేశంలో మొదటి అంశం, గతసారి చెప్పినదానికి ఏమి చేశారన్నదే. వింతేమీ లేదు, చేసినదేమిటో తిరిగి చెప్పటంలోనే ఆ పద్ధతికి ప్రాణం ఉన్నది. ఇంగ్లీషు సాహిత్యాన్ని వారివద్దనుండి తెచ్చుకొన్నాం. ఆ సాహిత్యం బోధించే శాఖలో విద్యార్థిని కూర్చోబెట్టి వినే అలవాటును మాత్రం తెచ్చుకోలేదు.

మనవద్ద నేడు ఏమీ లేదని చెప్పటం అన్యాయమవుతుంది. 2017 నుండి న్యాక్ సంస్థ తన మూల్యాంకనంలో భాగంగా విద్యార్థుల సంతృప్తిని తెలుసుకొనేందుకు ప్రశ్నావళిని పంపుతున్నది. అది మంచిదే. కాని ప్రశ్నావళి తాను అడిగిన దానికే జవాబు తీసుకొంటుంది. బోధన మీకు ఎంతవరకు తృప్తికరంగా ఉన్నదన్న ప్రశ్నకు పట్టపుపాళెం అమ్మాయి ఏ గడిలో గుర్తు పెడుతుంది? ఆమె తరగతిలో లేనే లేదు గదా! ఇక 2023 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార సంఘంలో ఒక విద్యార్థి ప్రతినిధి ప్రత్యేక ఆహ్వానితుడుగా ఉంటాడు. ఆ ప్రతినిధిని చదువులో ప్రతిభను గాని, క్రీడలలోనో ఇతర కార్యక్రమాలలోనో రాణింపును గాని చూసి నియమించాలి. లింగ్డో కమిటీ సైతం, పోటీ చేసే అభ్యర్థికి ఆ సంవత్సరం తప్పిన సబ్జెక్టులు ఉండరాదని నిర్దేశించింది.

గౌరవపూర్వకంగానే ఇక్కడ నా భిన్నాభిప్రాయాన్ని తెలుపుకొంటున్నాను. కళాశాల మొత్తానికి నాయకుడిని ఎన్నుకొనేటప్పుడు ఆ నియమం సబబే కావచ్చు. ఇంగ్లీషు శాఖతో మాట్లాడే ప్రతినిధి విషయంలో అది సరిగ్గా తలక్రిందులవుతుంది. దారిలో రాయి ఎక్కడ ఉన్నదో కాలికి దెబ్బ తగిలిన వానికి తెలుస్తుంది గాని, బండి మీద పోయినవానికి తెలియదు. మొదటి తరగతి నుండి కాన్వెంటులో చదివి, పద్యానికి భావం ఇంగ్లీషులోనే గ్రహించగల విద్యార్థి ఎంత సద్బుద్ధి గలవాడైనా, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన తన మిత్రుడు ఏ మాట వద్ద ఆగిపోయాడో ఊహించలేడు. ఊహించలేకపోవటం వాని నేరం కాదు. మనం ఆనవాయితీగా చేసే పని ఏమిటంటే, అధ్యాపకుడికి ఇష్టుడైన, మార్కులు బాగా వచ్చే, ఇంగ్లీషు తప్పు లేకుండా మాట్లాడే పిల్లవాణ్ణి క్లాసు లీడరుగా నియమించి, డస్టరు, హాజరు పట్టీ వాని చేతిలో పెట్టి, తరగతికి ప్రాతినిధ్యం ఇచ్చామనుకోవటం. వాడు మన మాటను తరగతికి చేరుస్తాడు. తరగతి మాటను మన వద్దకు తీసుకొని రాడు. ఒకవైపే నడిచే రాయబారాన్ని ఆజ్ఞాపత్రం అనాలి.

తడబడే విద్యార్థి మాట వినటం వలన అధ్యాపకుడికి కలిగే లాభం ఎటువంటిదో నా అనుభవంలోనుండే ఒక ఉదాహరణ చెబుతాను. ఇది చెప్పటం నాకు కొంత సిగ్గు కలిగించే విషయమే. రెండేళ్ల క్రితం నేను ఛందస్సు పాఠం చెబుతున్నాను. గురులఘువులు పాఠశాలలోనే వచ్చి ఉంటాయన్న ధీమాతో నేరుగా గణాలలోకి వెళ్లిపోయాను. మూడవ రోజున ఒక విద్యార్థి స్టాఫ్ రూము గుమ్మం వద్దకు వచ్చి, “సార్, కోపగించుకోకండి. మాలో పదకొండు మందికి గురువు ఏదో లఘువు ఏదో తెలియటం లేదు. అందరూ నన్ను చెప్పమన్నారు” అన్నాడు. నాకు కోపమే వచ్చింది. ఇన్నేళ్లు బడిలో ఏమి చేశారని గద్దించాను. వాడు తలవంచుకొని, కదలకుండా నిలబడి, మెల్లగా, “ఉర్దూ బడిలో మాకు గజల్ వజన్ చెప్పినారు సార్. అదీ ఇదీ ఒకటేనా?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం ఉర్దూ శాఖలోని పెద్దలను ఆశ్రయించి, తఖ్తీ చేయటం ఎట్లాగో తెలుసుకొన్నాను. నిడివిని బట్టి అక్షరాన్ని తూచటం అక్కడా ఉన్నది, ఇక్కడా ఉన్నది. లెక్కలో తేడాలున్నా త్రాసు ఒక్కటే. మరునాడు నల్లబల్ల మీద ఒకవైపు గజల్ వజను, మరొకవైపు తేటగీతి పెట్టి పాఠం మొదలుపెట్టాను. ఆ పదకొండు మంది ముఖాలలో కనిపించిన వెలుగును నేను మరువలేను. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన వారికి సైతం ఆ పాఠం క్రొత్తగా, ఆసక్తికరంగా తోచింది. ఆ విద్యార్థి నా వద్దకు ఫిర్యాదు తెచ్చాడని నేను కోపగించుకొన్నాను. వాడు తెచ్చినది బోధనాపద్ధతి. అప్పటికి వాణ్ణి ఎవరూ ప్రతినిధిగా ఎన్నుకోలేదు. పదకొండు మంది చెప్పమన్నారు కనుక వచ్చాడు. అట్టి తెగువ ప్రతి సంవత్సరం, ప్రతి తరగతిలో, దానంతట అదే పుడుతుందని ఆశించటం వివేకం కాదు. దానికి ఒక స్థానం, ఒక వేళ, ఒక కుర్చీ మనం కల్పించాలి.

ఈ ప్రతిపాదనకు వచ్చే ఆక్షేపణలను నేను ఎరుగనివాడను కాను. గురువును ప్రశ్నించటం మన సంప్రదాయానికి విరుద్ధం కాదా అని కొందరు పెద్దలు అంటారు. పాఠం అర్థం కాలేదని చెప్పటం గురువును ధిక్కరించటం కాదు. ఆ పాఠం తనకు కావాలని వేడుకోవటం. పదిమందిని సంప్రదించి పని చేయటాన్ని మన ఇండ్లలో మష్వరా అంటాం. పెండ్లికి, ఇల్లు కట్టటానికి మష్వరా చేసే మనం చదువు విషయంలో దానిని ఎందుకు మరచిపోవాలి? రాజకీయాలు ప్రవేశిస్తాయన్నది రెండవ ఆక్షేపణ. గోడపత్రికలు, ప్రచారం లేకుండా, తరగతి గదిలోనే చీటీల మీద పేర్లు వ్రాసి, ఒక్క సెమిస్టరుకు ఎన్నుకొనే పదవికి ఏ పార్టీ వచ్చి పోటీ పడుతుంది? దానికి నిధులు లేవు, దండలు లేవు, ఉన్నదల్లా పని. మూడవది, ప్రతినిధి అధ్యాపకుని గూఢచారిగానో, లేక అధ్యాపకుని ఆగ్రహానికి గురి అయ్యే బలిపశువుగానో మారతాడన్న అనుమానం. ఇది నిజంగా ఆలోచించవలసినది. ఇంటర్నల్ మార్కులు అధ్యాపకుల చేతిలో ఉన్నవి. కనుక ప్రతినిధుల జవాబుపత్రాలను మరొక అధ్యాపకుడు కూడా చూసే ఏర్పాటు ఉండాలి. ఇది ఎవరినో అనుమానించటం కాదు; రాయబారికి అభయం ఇవ్వటం రాజనీతిలో ఆదినుండి ఉన్నదే.

ఇంతకూ మనం చేయవలసినది ఏమిటి? మా గౌరవనీయులైన కళాశాల కమిటీ సభ్యుల పరిశీలనకు కొన్ని సూచనలు సమర్పిస్తున్నాను. ప్రతి సెక్షనులో ఇద్దరు ప్రతినిధులు ఉండాలి. అబ్బాయిలు అమ్మాయిలు కలిసి చదివే సెక్షనులో ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి. ఒకరు ఇంగ్లీషు మాధ్యమం నుండి వచ్చినవారైతే, రెండవవారు తెలుగు లేదా ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారై ఉండాలి. మార్కులను బట్టి విభజిస్తే తక్కువ మార్కుల ముద్ర పడుతుంది. మాధ్యమాన్ని బట్టి విభజిస్తే ఎవరికీ చిన్నతనం ఉండదు. సబ్జెక్టు తప్పినవారు పనికిరారన్న నియమం పెట్టరాదు. సమావేశం మధ్యాహ్న విరామంలో జరగాలి. సాయంత్రం పెడితే మైపాడు వైపు, ముత్తుకూరు వైపు, కోడూరు వైపు బస్సులు పట్టుకోవలసిన వారు ఉండలేరు. ఎవరి మాట వినాలని సమావేశం పెడుతున్నామో వారే దానికి దూరమవుతారు.

అన్నింటికన్న ముఖ్యంగా, ఆ సమావేశంలో ఏ భాషలోనైనా మాట్లాడవచ్చునని ఇంగ్లీషు శాఖవారే ముందుగా ప్రకటించాలి. ఇంగ్లీషు రావటం లేదన్న సంగతిని ఇంగ్లీషులోనే చెప్పమంటే కథ మొదటికి వస్తుంది. చెప్పిన విషయాలను ఒక పుస్తకంలో వ్రాయాలి. దాని ఎదుటి పుటలో శాఖవారి జవాబు వ్రాయాలి. చేయగలిగినది చేశామని, చేయలేనిది ఎందుకు చేయలేమో కారణంతో సహా తెలియజేయాలి. ప్రతినిధి ఆ జవాబును తరగతిలో చదివి వినిపించాలి. కాదన్న జవాబు కూడా గౌరవంగా వస్తే విద్యార్థి సహిస్తాడు; ఏ జవాబూ రాకపోవటాన్ని సహించలేడు. వ్యక్తిగత ఆరోపణలకు, ఒక్కరి మార్కుల తగాదాలకు అక్కడ చోటు ఉండరాదు. వాటికి ఫిర్యాదుల సంఘం వేరే ఉన్నది.

దీనికి ప్రభుత్వ ఉత్తర్వు కొరకు ఎదురుచూడవలసిన పని లేదు. రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కును ప్రసాదించింది. ఆ హక్కును మనం సాధారణంగా ఇతరుల జోక్యాన్ని నివారించుకొనే డాలుగా భావిస్తాం. అది మంచి పనిని అందరికన్న ముందు ప్రారంభించే అవకాశం కూడా అని నా అభిప్రాయం. పెద్ద విశ్వవిద్యాలయాలు చేయటానికి సంవత్సరాలు పట్టే పనిని, మన కమిటీ ఒక్క తీర్మానంతో వచ్చే సెమిస్టరు నుండే ప్రారంభించగలదు.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. ప్రతినిధి పదవి అలంకారం కాదు. మీ స్వంత ఇష్టానిష్టాలను తరగతి అభిప్రాయంగా చెప్పరాదు. అడిగి తెలుసుకొని చెప్పాలి. అధ్యాపకుని ఇబ్బందిని తరగతికి చెప్పటం కూడా మీ విధియే. ఒకే మనిషి అన్ని సెక్షన్లకూ పాఠం చెప్పి, వందలాది జవాబుపత్రాలు దిద్దవలసి ఉన్నదన్న సంగతి మీ మిత్రులకు తెలిస్తే వారి మాట తీరు మారుతుంది. ఉభయ మిత్రత్వం అంటే అదే.

చివరగా మన జిల్లా చరిత్రలోని మరొక ఘట్టాన్ని జ్ఞాపకం చేసి విరమిస్తాను. 1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా పల్లెలలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి, రాత్రివేళ లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దిన స్త్రీలు, చదువుతో పాటు తమ కష్టాలను కూడా ఆ తరగతులలోనే మాట్లాడుకొన్నారు. 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకాన్ని అడ్డుకొన్నారు. వర్థినేని రోశమ్మ పేరు నాడు రాష్ట్రమంతటా మారుమ్రోగింది. ఒక పల్లె నుండి మరొక పల్లెకు ప్రాకిన ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ స్త్రీలకు అక్షరాలు పూర్తిగా రాకమునుపే మాట వచ్చింది. తరగతిలో మాట్లాడనిచ్చారు కనుక వచ్చింది. అక్షరం వచ్చిన తరువాతే నోరు విప్పాలని ఎవరైనా వారిని ఆంక్షించి ఉంటే, ఆ చరిత్ర ఉండేది కాదు.

మన సంచికలో కుడి నుండి ఎడమకు సాగే పుటలు, ఎడమ నుండి కుడికి సాగే పుటలు ఒకే అట్ట నడుమ కుట్టబడి ఉన్నవి. రెండూ మధ్యలో ఒకచోట కలుసుకొంటాయి. విద్యార్థి, అధ్యాపకుడు కూడా అట్లా కలుసుకొనే చోటు ఒకటి మన కళాశాలలో ఏర్పడాలని, అది మొదట ఇంగ్లీషు శాఖలోనే ఏర్పడాలని ఆశిస్తున్నాను. రేపు ఏ పాళెం నుండి వచ్చే ఏ అమ్మాయి అయినా వరండాలో స్తంభం ప్రక్కన నిలబడి ఉంటే, ఆమె ఎందుకు నిలబడి ఉన్నదో ఆనాటి మధ్యాహ్నానికి స్టాఫ్ రూముకు తెలియాలి. నేను కోరేది అంతకు మించి ఏమీ లేదు.